తెడ్డు మీద వచ్చిన అన్నం

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చెప్పింది సరిగా వినపడలేదని మా పడవవాళ్లతో అన్నాను. అది అబద్ధం. ప్రతి మాటా విన్నాను.

మా అక్క భర్తకు హెపటైటిస్ సి ఉందని, అది కాలేయాన్ని పాడుచేస్తుందని తేలినప్పుడు తోడు వెళ్లింది నేనే. "కలిసి తింటే రాదు, ముట్టుకుంటే రాదు. రక్తం ద్వారా వస్తుంది. ఒకరి గడ్డం బ్లేడు ఇంకొకరు వాడి ఉంటే వాళ్లూ పరీక్ష చేయించుకోవాలి. ఉన్నా భయం లేదు. మూడు నెలలు మానకుండా మాత్రలు వేసుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది" అందామె. వేటకు వెళ్లినన్నాళ్లూ బావా నేనూ ఒకే బ్లేడుతో గీసుకునేవాళ్లం. నా గడ్డం ఒకసారి తడుముకున్నాను.

భోగాపురం తీరానికి తిరిగొచ్చాక బావ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. పడవ నడిపే సరంగు నన్నడిగాడు.

"నువ్వూ ఉన్నావు గదా, ఏటందిరా డాక్టరమ్మ?"

"పైన పంకా సప్పుడు మావా. సరిగ్గా ఇనపడనేదు."

మర్నాటి నుంచి పడవ మీద బావకు కంచం లేదు. ఐసు పెట్టె మూత ఒకటి కేటాయించారు. అన్నం పడవ తెడ్డు చివర పెట్టి అందించేవారు. సగం బావకు, సగం సముద్రానికి. బావ మీది గాలి తమకు తగలకూడదని భోజనాల వేళ పడవనే తిప్పేవారు. బావ కాస్త జరిగితే మళ్లీ తిప్పేవారు. ఒకరోజు తినడం పూర్తయ్యేసరికి మూడు చుట్లు తిరిగాం. వల మాత్రం అందరితో కలిసే లాగాలి.

"నా సెయ్యి తగిలిన కోనాం సేప అమ్మడానికి పర్నేదేటి?" అన్నాడు బావ.

"సేప సచ్చిపోనాది గదరా, దానికేటి జబ్బొస్తాది?" అన్నాడు సరంగు. అందరూ తలూపారు. నేనూ ఊపాను.

నెల తిరిగేసరికి ఒకరోజు తెల్లారగానే అక్క ఇసుకలో పరుగున వచ్చి మాత్రల డబ్బా నా చేతిలో పెట్టింది.

"రెండ్రోజులై ముట్టుకోనేదురా. కంచం నేనోడికి కార్జం బాగై ఏటి సేసుకోవాలంటన్నాడు."

మాత్రలు ఆపితే జబ్బు మిగిలిపోతుందని నాకు తెలుసు. ఆ పొద్దున్నే విజయనగరం వెళ్లి పరీక్షకు రక్తం ఇచ్చాను. నాకు లేదని తర్వాత తేలింది. బావ కూడా డాక్టరమ్మను అడిగి మాత్రలు మళ్లీ మొదలుపెట్టి పూర్తిచేశాడు. ఆపైన మూడు నెలలకు చేసిన పరీక్షలో వైరస్ కనబడలేదు. కానీ ఆ సాయంత్రానికి ఇవేవీ తెలియవు. వలలు బాగుచేసుకుంటున్న అందరి ముందూ బావ ఎదుట నిలబడ్డాను.

"బావా, నువ్వు సెప్పిందంతా నిజిమే. నానూ ఇన్నాను. బ్లేడు మాట బయటపడితే నన్నూ ఎలేస్తారని బయపడి నిన్నొక్కన్నే వొగ్గేసాను. తప్పు నాదే బావా. సెమించు."