పసుపు పెట్టి వాపసు పంపిన చీర

నాకు కోపం ముందు, ఆలోచన తర్వాత. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే. ఆ చీర విషయంలో మాత్రం తాండూరు దాకా వెళ్లి మరీ తెలియజేశాను.

ఫోనులో ఒక యాప్‌లో చూసి తెప్పించుకున్న చీర అది. ఫొటోలో నెమలికంఠం రంగు, వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చేసరికి వెలిసిన నీలం. మరునాడే వాపసు పంపాను. డబ్బు రాలేదు. చీరకు మరక ఉంది, తీసుకోలేమని జవాబు వచ్చింది. అంతే, ఒంటికాలి మీద లేచాను. "వాడిన చీరలు అమ్మే దొంగలు, ఎవరూ కొనకండి" అని వాళ్ల చీరల కింద అందరికీ కనబడేలా రాసిపెట్టాను.

అమ్మే ఆమె తాండూరు నుంచి ఫోన్ చేసింది. మెత్తటి గొంతు.

"అక్కా, కొంగుకు పసుపు అయ్యింది. ఫొటో పంపనా?"

"ఫొటోలు ఎట్లనన్న తీస్తరు. మీ ఇంట్లనే అంటుకున్నదేమో చూస్కో. నేను కట్టనే లేదు. నా బిడ్డ మీద ఒట్టు, నా పసుపు చెయ్యి దానికి తగల్లే."

ఆమె "సరే అక్కా" అని పెట్టేసింది. నోరు మూయించానని సంబరపడ్డాను.

అక్కడితో ఆగానా? లేదు. పార్శిల్ కవరు మీది చిరునామా పట్టుకుని, ఎదురుగానే కడిగిపారేద్దామని రైలెక్కాను. "గా చీర పైసల కోసం గంత దూరం పోతవా? ఇడిసెయ్యరాదు" అని ఇంట్లోనే ఆపబోయాడు మా ఆయన. వినలేదు. ధారూర్ దాటినా ఏమేం అనాలో మనసులో పేర్చుకుంటూనే ఉన్నాను.

తీరా చూస్తే అది దుకాణం కాదు, ఇల్లు. ముందుగదిలో బండల మీద చాప, చాప మీద చీరల కట్టలు, గోడకు శిలువ. ఆమె నాకంటే చిన్నది. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, నేను నోరు తెరిచేలోపే నా చీర తెచ్చి కొంగు మూల విప్పి చూపించింది.

మరక కాదది. వేలితో పెట్టిన పసుపు బొట్టు.

చూడగానే గుర్తుపట్టాను. మా ఇంట్లో కొత్త బట్ట ఏది వచ్చినా ముందు మూలన పసుపు పెట్టి, దేవుడి దగ్గర ఉంచి, ఆ తర్వాతే మడత విప్పుతాం. మా అమ్మ అట్లాగే చేసేది, నేనూ చేస్తున్నాను. ఇంట్లోకి వస్తూ చెప్పులు విడిచినంత మామూలు పని, చేసినట్టు గుర్తే ఉండదు. ఈ చీరకూ కవరు కత్తిరించగానే పెట్టాను. రంగు చూసుకున్నది ఆ తర్వాత.

తల కొట్టేసినట్టయింది. అయినా నా నోరు ఊరుకుందా? "వాపసు తీస్కవోయినోళ్ల చేతికి ఉండెనేమో" అన్నాను. ఇంత వయసొచ్చి ఆ మాట ఎలా అన్నానో తెలియదు.

"ఉండొచ్చక్కా" అంది ఆమె. "ఏమనుకోకుండ్రి, మీరు రాసింది జర తీసేస్తరా? గా రాత పడ్డ కాడి నుంచి ఒక్క ఆర్డర్ వస్తలేదు. ఇంక కొన్ని దినాలు గిట్లనే ఉంటే యాపోళ్లు నన్ను అమ్మనియ్యరంట. మా ఇల్లు దీని మీదనే నడుస్తది."

సిగ్గుతో చెవులు కాలిపోయాయి. "నేనే పెట్టిన చెల్లె. కొత్త బట్టకు పెడ్తం మేము. నాకు యాదికే లేకుండె."

"ఎరుకే అక్కా. మేం పెట్టం గని, మా ఎదురింటోళ్లు గిట్లనే పెడ్తరు. చీర రాంగనే సమజైంది."

"మరి ఫోన్ల అప్పుడే చెప్పకపోతివి?"

ఆమె చీర మడత పెడుతూ తల దించుకుంది. "చెప్దామనే చేసిన. గంతల మీరు బిడ్డ మీద ఒట్టు వెట్టుకుంటిరి. నేను చెప్తే గా ఒట్టు అబద్ధమైతది గదా. బిడ్డకెందుకని ఊకున్న."

అక్కడే కూర్చుని, రాసినదంతా తీసేసి, "తప్పు నాది, చీర మంచిది" అని మళ్లీ రాశాను. రెండుసార్లు తప్పు పడింది. డబ్బు వద్దని చెప్పి చీర సంచిలో పెట్టుకున్నాను. రంగు ఫొటోలో కొంచెం ఎక్కువే పడిందని, ఇకనుంచి వెలుతురులో తీస్తానని ఆమే నొచ్చుకుంది.

చెప్పులు వేసుకుంటుంటే గడప దాకా వచ్చింది.

"బిడ్డ మంచిగున్నదా అక్కా?"

"మంచిగనే ఉన్నది" అన్నాను, ఆమె ముఖం చూడకుండా.