ఒకటో తారీకు దాకా

జనవరి చివర్లో గుడివాడ డాక్టరమ్మ నా స్కానింగు ఫిల్మును లైటు ముందు పెట్టి చాలాసేపు చూసింది. "గడ్డ పెద్దదే అమ్మా. ఇప్పుడైతే గడ్డ ఒక్కటే తీసి గర్భసంచి ఉంచగలను. ఆలస్యం చేస్తే ఆ మాట ఇవ్వలేను" అంది. నాకు పెళ్ళయి ఏడేళ్ళు. పిల్లల్లేరు. గడ్డ తీసేస్తే పుట్టే అవకాశం ఉందని కూడా ఆవిడే చెప్పింది. ఆ ఏడేళ్ళలో అంత మంచి మాట నాకెవరూ చెప్పలేదు. అయినా నేను, "ఏప్రిల్ ఒకటో తారీకు దాటాక చేయించుకుంటానండీ" అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూసింది. "ముహూర్తం పెట్టించారా?"

"లేదండీ, మేం క్రైస్తవులం."

నవ్వొచ్చే జవాబే. ఇద్దరమూ నవ్వలేదు.

నేను బందరు దగ్గర రొయ్యల కంపెనీలో సూపర్‌వైజర్‌ని. సూపర్‌వైజర్ అంటే గొప్పగా ఉంటుంది గానీ, గమ్ బూట్లు వేసుకుని ఐసు నీళ్ళలో రోజంతా నిలబడి, నాకన్నా అలిసిపోయిన ఆడవాళ్ళని గదమాయించడం. మా పాత రూలు ప్రకారం జబ్బు చేసి వారం దాటితే జీతం ఉండదు. ఏప్రిల్ నుంచి కొత్త రూలు వస్తోంది. ఆపరేషన్ అయితే కోలుకునేదాకా పూర్తి జీతం. బోర్డు మీద నోటీసు చదివి మా రొయ్యలు ఒలిచే హాల్లో అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కింద చిన్న మెలిక ఉంది. ఒకటో తారీకుకి ముందే తేలిన జబ్బుకి పాత రూలే వర్తిస్తుంది.

అందుకే బందరులో ఇన్ని ఆసుపత్రులుండగా గుడివాడ వెళ్ళాను, ఎవరి కంటా పడకుండా. మా ఆయన కౌలుకి చేసిన రొయ్యల చెరువు వైరస్ తగిలి తుడిచిపెట్టుకుపోయింది. ఇప్పుడు ఎవరిదో ఐసు వ్యాను తోలుతున్నాడు, పని ఉన్న రోజు ఉంది, లేని రోజు లేదు. ఇల్లు నడిచేది నా జీతంతో. "ఇప్పుడే చేయించుకో, ఏదో ఒకటి చేద్దాంలే" అన్నాడాయన. "ఆ ఏదో ఒకటి ఏంటో చెప్పు, చేయించుకుంటాను" అన్నాను. పాపం, బయటికి వెళ్ళి వ్యాను కడుక్కున్నాడు.

ఆ రెండు నెలలూ నా ఒంట్లో రక్తం ఒంట్లో నిలవలేదు. ముదురు రంగు చీరలు తప్ప కట్టలేదు. హాల్లో పనిచేసే ఆడపిల్లలు "మేడం గారు ఈ మధ్య అరవట్లేదేంటి" అని సంబరపడ్డారు. అరవడానికి ఓపిక ఉంటేగా! ఐరన్ ఇంజెక్షన్ కోసం గుడివాడ బస్సెక్కితే గుడ్లవల్లేరులో కాలేజీ పిల్లలు కిక్కిరిసి ఎక్కేవాళ్ళు. ఒకమ్మాయి నా మొహం చూసి, అడక్కుండానే లేచి సీటిచ్చింది. థాంక్స్ చెప్పడానికి బదులు ఏడుపొచ్చింది. వెళ్ళిన ప్రతిసారీ డాక్టరమ్మ "ఇంకా ఎందుకు?" అనేది. నేను "ఇంకెంతో లేదండీ" అనేదాన్ని. నాకు భయం లేక కాదు. కడుపు మీద చెయ్యి వేసుకుని, కొంచెం ఆగమ్మా, కొంచెం ఆగు అని బతిమాలుకునేదాన్ని. ఎవర్ని బతిమాలుతున్నానో నాకే తెలీదు.

కంపెనీ దగ్గర దాచాను. మా అమ్మ దగ్గర దాచాను. ఇరుగుపొరుగు దగ్గర దాచాను. దేవుడి దగ్గర మాత్రం ఎలా దాస్తాం?

మా చర్చి సంఘంలో శుక్రవారం ఆడవాళ్ళ ఉపవాస కూటం ఉంటుంది. అక్కడ ఎవరి బాధ వాళ్ళు ప్రార్థన అంశంగా చెప్పుకోవడం అలవాటు. చెప్పకపోతే ఆ బాధకి ప్రార్థన జరగనట్టే. ఉన్నది పదిమంది ఆడవాళ్ళే కదా అని నేనూ చెప్పేశాను. గడ్డ సంగతి, జీతం రూలు సంగతి, ఏప్రిల్ దాకా దేవుడు నన్ను నిలబెట్టాలని. చెప్తూ చెప్తూ ఏడ్చాను. పాస్టరమ్మ గారు నన్ను కావలించుకుని తనూ ఏడ్చింది. ఎంతో మంచి మనిషి. ఆ మంచితనంతోనే ఆ అంశాన్ని ఆదివారం ఆరాధనకి పట్టుకొచ్చింది.

మా వాళ్ళ ప్రార్థన సంగతి తెలియనివాళ్ళకి చెప్పాలి. దేవుడికి అన్నీ తెలుసంటారు, మళ్ళీ అన్నీ విడమర్చి చెప్తారు. "ప్రభువా, గుడివాడ డాక్టరు ఆపరేషన్ చెయ్యాలన్నారు తండ్రీ, ఏప్రిల్‌లో కంపెనీవాళ్ళు కొత్త రూలు పెడుతున్నారు తండ్రీ, అప్పటిదాకా నీ కుమార్తె జబ్బు ముదరకుండా కాపాడు తండ్రీ." మైకులో, నా పేరుతో సహా, ఒక్క ముక్క వదలకుండా. కళ్ళు మూసుకోవాల్సిన నేను కళ్ళు తెరిచి ముందు వరస చూశాను. మా కంపెనీలో సెలవుల కాయితాల మీద సంతకం పెట్టే పెద్దాయన అక్కడ తల వంచుకుని కూర్చున్నాడు. ఆయన మా సంఘ పెద్ద కూడా.

ఆయన విన్నాడో లేదో అనుకుంటూ మిగిలిన రోజులు గడిపాను. ఏప్రిల్ వచ్చింది. సెలవు కాయితం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"జబ్బు ఎప్పుడు తేలిందమ్మా?" అన్నాడు, నా వంక చూడకుండా.

"మొన్ననేనండీ."

ఆయన చేతిలో పెన్ను కింద పెట్టేశాడు. "అమ్మాయ్, నేను కూడా నీ కోసం ఇంట్లో రోజూ ప్రార్థన చేశాను. ఇప్పుడు నాకు తెలీదని సంతకం ఎలా పెట్టను? నన్ను అడగొద్దమ్మా."

ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఆయన మీద జాలి రాలేదు. ఆ బల్ల మీదున్నవన్నీ తీసి నేలకేసి కొట్టాలనిపించింది. ఇంత నిజాయితీ ఈ భూమ్మీద నా దగ్గరికే వచ్చి నిలబడాలా అనిపించింది. పాత రూలు కిందే సెలవు పెట్టాను. రెండు నెలలు ఎందుకు ఆగానో దానికి అర్థం లేకుండా పోయింది.

ఆపరేషన్ మధ్యలో రక్తం ఆగలేదట. డాక్టరమ్మ బయటికొచ్చి మా ఆయన్ని అడిగిందట, మనిషిని కాపాడమంటారా, సంచిని కాపాడమంటారా అని. అది అడగాల్సిన ప్రశ్నేనా! నాకు తెలివొచ్చేసరికి ఆయన మంచం పక్కన నిలబడి ఉన్నాడు. "ఉంచారా?" అన్నాను. ఆయన నా కాళ్ళ మీద దుప్పటి సర్దడం మొదలుపెట్టాడు. సర్దిందే మళ్ళీ సర్దాడు. అప్పుడు తెలిసింది.

ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దని ఆయన చేత ఒట్టేయించుకున్నాను. ఈసారి పాస్టరమ్మ గారికీ చెప్పలేదు. దివిసీమలో మా అమ్మ దగ్గరికి వెళ్ళి పడుకున్నాను. అమ్మకి గడ్డ తీశారనే చెప్పాం. ఆవిడ రోజూ పత్యం వండి పెట్టేది. "ఇంక అడ్డం తొలగిపోయిందిగా" అని నా తల నిమిరేది. నేను గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని.

ఒక ఆదివారం సాయంత్రం ఆ పెద్దాయన భార్యని వెంటబెట్టుకుని, పులిగడ్డ వారధి దాటి అంత దూరం వచ్చాడు. సంచీ నిండా బత్తాయిలు తెచ్చాడు. మనిషి చిక్కిపోయాడు. నా వల్లే చిక్కాడని ఆయన భార్య చెప్పింది. టీ తాగాక, "ప్రార్థన చేసుకుందాం" అన్నాడు. అందరం తలలు వంచాం.

"ప్రభువా, నీ కుమార్తె కడుపులో గడ్డని తీసేశావు, నీకు స్తోత్రం. వచ్చే ఏడాది ఈపాటికి ఈ ఇంట్లో పసిబిడ్డ ఏడుపు వినిపించాలి తండ్రీ."

అందరికన్నా గట్టిగా మా అమ్మ ఆమెన్ అంది. ఆదివారమని నన్ను చూడ్డానికొచ్చిన మా ఆయన నా కాళ్ళ మీద దుప్పటి సర్దుతున్నాడు. గదంతా నా మాట కోసం ఆగినట్టయింది. అనకపోతే ఎందుకనలేదని అమ్మ అడుగుతుంది. నేను కూడా ఆమెన్ అన్నాను.