సద్ది విప్పని రోజు

“ఏమే, ఈ రొట్టెలు పొయ్యేటప్పుడు ఎట్లున్నయో గట్లనే ఉన్నయి. సద్ది విప్పనే లేదా?”

“విప్పలేదత్తమ్మా.”

“మరి పొద్దటిసంది ఏం తిన్నవ్? గాలి తిన్నవా?”

“పట్నంల తిన్నం.”

“తిన్నం అనకు. వాని సంగతి నేను అడగలే. నీ సంగతి చెప్పు.”

“హోటల్ల తిన్న. ఇప్పుడు ఆకలి లేదు. నాకు పెట్టకు, నా వంతు పొద్దటికి ఉంటది.”

“ఆకలి లేదా! నిన్న రాత్రి తిన్న ముద్దతోని నేను ఈడ కూసున్న. నీకు ఆకలి లేదా!”

“నేను కూసొమ్మన్ననా? జెరం నుంచి లేచినదానివి, ఇంత గంజి తాగితే ఎవలన్న వద్దన్నరా?”

ఈ చివరి మాట అనకుండా ఉండాల్సింది. అనేశాను. మా అత్త నా ముందు పెట్టబోయిన కంచం అట్లాగే వెనక్కి తీసుకుంది. అప్పటికి దీపం పెట్టే వేళయింది. మా ఆయన పక్కనే తల వంచుకుని రొట్టె తింటున్నాడు. పట్నంలో నాతో పాటు కడుపు నిండా తిన్న మనిషే. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని, మారు మాట లేకుండా కంచం ముందు కూర్చున్నాడు. ఆ తెలివి నాకు లేకపోయింది.

మా ఇంటి పద్ధతి ఒకటి చెప్పాలి. చెప్పకపోతే ఇంత చిన్నదానికి అంత కొట్లాట ఎందుకని అనిపిస్తుంది. మాది సంగారెడ్డి దగ్గర, కంది అనే ఊరి పక్కన చిన్న ఊరు. ఇంటి మనిషి పని మీద పొలిమేర దాటితే, తిరిగి వచ్చి మా పొయ్యి మీద వండింది తినేదాకా ఇంట్లో ఉన్న పెద్దామె ముద్ద ముట్టదు. మా అత్తకు ఇది వాళ్ళ అత్త నుంచి వచ్చింది. దేవుడి మొక్కు కాదు, శాస్త్రం కాదు, అయినా ఆమె ఎన్నడూ తప్పలేదు. సంగారెడ్డి అంగడికి పోయినవాళ్ళు పొద్దుగూకేసరికి వచ్చేస్తారు కాబట్టి పెద్ద కష్టంగా ఉండేది కాదు. వచ్చినవాళ్ళు కూడా ఆకలి మీదనే వస్తారు కాబట్టి, తినమని చెప్పాల్సిన అవసరం పడేది కాదు.

నేను ‘ఆకలి లేదు’ అన్నది పొదుపు కొద్దీ. కడుపు నిండి ఉండగా ఇంకో రొట్టె ఎందుకు దండగ, పొద్దున్నే చేనికి పోయేటప్పుడు పనికొస్తుంది కదా అనుకున్నాను. చిన్నప్పటి నుంచి నాకు గింజ వృథా పోతే ప్రాణం ఒప్పదు. బడిలో నేను నేర్చింది అక్షరాలు కూడబలుక్కోవడం వరకే, పొదుపు మాత్రం మా అమ్మ దగ్గర గట్టిగా నేర్చాను. ఒకరు నా కోసం పస్తు కూర్చున్న చోట పొదుపు చూపకూడదని మాత్రం ఎవరూ నేర్పలేదు.

అసలు మేము పట్నం పోయింది మా అత్త కోసమే. చాలా రోజులు ఆమెకు జ్వరం విడిచీ విడవకుండా వచ్చింది. జ్వరమైతే తగ్గింది కానీ ఒంట్లో సత్తువ లేదు, గోడ పట్టుకుని నడిచేది. సంగారెడ్డిలో ఇచ్చిన మందు పట్టలేదు. చార్మినార్ దగ్గర ఒక యునానీ హకీం ఉన్నాడని, ఆయన పొడి వాడితే నీరసం పోతుందని ఊళ్ళో ఎవరో చెప్పారు. ఆమె నడవలేదు కాబట్టి ఆమె సంగతులన్నీ చెప్పడానికి నేను, దారి తెలిసినవాడు కాబట్టి మా ఆయన బయల్దేరాం. పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు జరిగిన మాట ఇది. పటాన్‌చెరు దాటాక ఇప్పుడు కనిపించే ఫ్యాక్టరీలు ఒక్కటీ లేవు. బస్సుకు రెండు పక్కలా జొన్న చేలే.

హకీం దగ్గర మగవాళ్ళు ఒక వరుస, ఆడవాళ్ళు ఒక వరుస. నా వంతు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. నేను చెప్పిందంతా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. “పొడి నూరాలె. దోపహర్ నమాజ్ అయినంక రండి. ఒక్క మాట యాద్ పెట్టుకో అమ్మా, ఖాలీ కడుపుల ఇయ్యొద్దు. ఇంత తిన్నంకనే ఇయ్యాలె” అన్నాడు.

బయటికొచ్చి నేను సద్ది మూట పట్టుకుని నల్లా కోసం చూస్తున్నాను. మా ఆయన నడుస్తూనే ఉన్నాడు.

“ఎక్కడికి? ఇక్కడ కూసుందాం, నీడ ఉన్నది” అన్నాను.

“రోజు తినేది అదే జొన్నరొట్టె. పట్నం వచ్చి గూడ అదేనా?”

“రొట్టె నిన్నేం చేసింది?”

“ఏం చెయ్యలే. అదే నా బాధ. నన్నేం చేస్తలేదు” అని నవ్వాడు.

ఆయన నవ్వితే నేను కాదనలేకపోయేదాన్ని. సరేనన్నాను కానీ హోటల్ మాత్రం నేనే చూస్తానన్నాను. మొదటి దాని ముందు నిలబడి లోపలికి పోలేదు, పక్క సందులోకి పోయి బోళ్ళు తోమే చోటు చూశాను. తొట్టిలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. వద్దన్నాను. రెండో దాని వెనక కుక్క పడుకుని ఉంది, ఉల్లిగడ్డ కుళ్ళు వాసన. వద్దన్నాను. “నువ్వు పిల్లను ఇయ్యవచ్చినవా, తిననీకి వచ్చినవా?” అన్నాడు మా ఆయన. ఈ అలవాటు నాకు ఇప్పటికీ ఉంది. ఎవరైనా నన్ను హోటల్‌కు తీసుకుపోతే ముందు వెనక సందు చూస్తాను. ముందు బోర్డులు అందరివీ బాగానే ఉంటాయి.

మూడోది గల్లీ మలుపులో ఉంది. వెనక ఒక ముసలామె బూడిదతో గిన్నెలు రుద్ది, రెండు నీళ్ళలో ముంచి, బోర్లించి ఎండకు పెడుతోంది. దానికి ఒప్పుకున్నాను. మగవాళ్ళు బయట బల్లల మీద కూర్చుంటారు, ఆడవాళ్ళకు లోపల ఒక మూల పరదా కట్టారు. మా ఆయన బయట, నేను పరదా లోపల. సద్ది మూట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పక్కన ఒక పెద్దామె బురఖా ముసుగు పైకి ఎత్తుకుని తింటోంది.

గిన్నెలు తోమిన ముసలామే చేతులు తుడుచుకుని వచ్చి తెల్ల పింగాణీ కంచంలో బగారన్నం పెట్టింది. పైన దాల్చా పోసింది. సొరకాయ ముక్క, చింతపులుసు, అడుగున ఒక మటన్ బొక్క. మా ఇంట్లో వరన్నం పండుగకో, చుట్టమొస్తేనో. అది కూడా అందరికీ వడ్డించాక అడుగున మాడింది నాకు వచ్చేది. ఇక్కడ అన్నం దేనికది విడివిడిగా ఉంది. లవంగం, పుదీనా వాసన ముక్కుకు తగిలింది.

నేను చేయి పెట్టకుండా చూస్తుంటే పక్కనామె నవ్వింది.

“ఏం బేటీ, అన్నంతోని మాట్లాడుతున్నవా? తిను.”

“తింటున్న ఖాలా.”

“కొత్త పెండ్లికూతురు తీర్గ సిగ్గుపడుతున్నవ్. ఇంట్ల నువ్వే వడ్డిస్తవ్, ఈడ నీకు వడ్డిస్తరు. గంతే ఫరక్.”

ఆమె సరదాకు అన్నది నాకు లోపల ఎక్కడో తగిలింది. పెండ్లయి వచ్చినప్పటి నుంచి నేను కూర్చుని ఉండగా ఒకరు నాకు పెట్టడం అదే మొదలు. పొయ్యి దగ్గర నుంచి లేవాల్సిన పని లేదు, ఇంకెవరికి కావాలో చూడాల్సిన పని లేదు. నేను ఎంత తింటున్నానో చూసే కన్ను కూడా లేదు. గబగబా కాదు, నెమ్మదిగా తిన్నాను. ముసలామె వచ్చి అడక్కుండానే ఇంకో గరిటె వేసింది. వద్దనలేదు.

“పట్నం ఏం పని మీద వచ్చిండ్రు?” అని ఖాలా అడిగింది.

“మా అత్తకు మందు కోసం.”

“అయ్యో. పెద్దామెనా? ఇంటికాడ ఎవలున్నరు? ఏమన్న తిన్నదా మరి?”

చేయి ఆగింది. అప్పుడు గుర్తొచ్చింది. గుర్తొచ్చింది అనడం కూడా సరికాదు, పొద్దుటి నుంచి తెలిసే ఉంది. గడప దగ్గర గోడకు ఆనుకుని, బస్సు వచ్చే దిక్కు చూస్తూ కూర్చుని ఉంటుంది. పక్కింటామె గంజి తెచ్చినా వద్దంటుంది. నేను ఇక్కడ దాల్చాలో బొక్క చీకుతున్నాను.

“తిన్నది” అన్నాను.

అని మళ్ళీ కంచంలో చేయి పెట్టాను. అన్నం రుచి పోయిందని చెప్తే వినేవాళ్ళు నన్ను మంచిదాన్ని అనుకుంటారు. పోలేదు. బాగానే ఉంది. మొదటి ముద్ద ఎట్లా ఉందో ఆఖరి ముద్దా అట్లాగే ఉంది. కంచం గీరి తిన్నాను. మా అత్తను తలచుకున్నప్పుడల్లా నన్ను పొడిచేది ఆ రుచి పోకపోవడమే.

మందు తీసుకుని గౌలిగూడలో బస్సెక్కాం. సద్ది ఒళ్ళోనే ఉంది. దారిలో ఎవరికైనా ఇచ్చేసి ఉంటే మా అత్తకు తెలిసేది కాదు. నాకు ఆ ఆలోచనే రాలేదు. జొన్నరొట్టె రెండు రోజులైనా పాడు కాదు కదా, ఇంటికే తీసుకుపోదాం అనుకున్నాను.

ఇక ఆ సాయంత్రం కంచం వెనక్కి తీసుకున్నాక మా అత్త పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుంది. అప్పుడు నాకు భయం వేసింది. హకీం మాట చెవిలో ఉంది. ఆమె తినకపోతే మందు వేయడానికి లేదు. పొట్లాలు తెచ్చి గూట్లో పెట్టిందీ నేనే, అవి పనికి రాకుండా చేసిందీ నేనే.

కంచం తీసుకుని ఆమె మంచం పక్కన కూర్చున్నాను. రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాను.

“ఇగో అత్తమ్మా, తింటున్న. చూడు.”

ఆమె ఇటు తిరగలేదు. “ఆకలి లేనిదానివి తింటే అది తిన్నట్టు కాదు.”

“తప్పయింది. లే. జెర గంజి తాగు. మందు వేసుకోవాలె.”

“హోటలోనికి చెప్పు నీ తప్పు.”

“అవ్వా, లే అవ్వా” అన్నాడు మా ఆయన తల్లితో, గడప దగ్గర నుంచి.

“నువ్వు తిన్నవా బిడ్డా? ఇంకో రొట్టె వేయించుకో” అంది. కొడుకుతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు మారిపోయింది. ఆయన కూడా పట్నంలో తిన్నాడని ఆమెకు తెలుసు. అయినా ఆయన మీద కోపం లేదు. హోటల్‌కు పోదామన్నది ఆయనేనని నేను చెప్పలేదు, ఆయన నా తరఫున ఒక్క మాట అనలేదు. ఆయన మీద నాకు కోపం వచ్చింది. తర్వాత అది కూడా పోయింది, ఎందుకంటే ఆయన హోటల్‌కు పోదామన్నాడు కానీ ‘ఆకలి లేదు’ అన్నది నేను.

రొట్టె కష్టపడి పూర్తి చేశాను. ఆమె లేవలేదు.

ఆ తర్వాత మా అత్త చాలా ఏండ్లు బతికింది. కొడుకు ఊరు దాటితే ఎప్పటిలాగే తినకుండా ఆగేది. నేను దాటితే మాత్రం ఆగేది కాదు. అంగడికి పోయి వచ్చేసరికి ఆమె తిని, చేయి కడుక్కుని ఉండేది. “నీది మూకుట్ల ఉన్నది, తిను” అనేది. ఎన్నడూ దెప్పలేదు, ఆ రోజు సంగతి ఎత్తలేదు. దెప్పినా బాగుండేది. నేనేమో పుట్టింటికి పోయినా, పొలానికి పోయినా ఆకలితోనే వచ్చేదాన్ని. వచ్చి, ఆమె తిన్న కంచం కడిగి, ఒక్కదాన్నే కూర్చుని తినేదాన్ని. నా కోసం ఆగమని ఏ నోటితో అడుగుతాను?

ఇదంతా మొదలైంది పట్నం నుంచి వచ్చిన మరునాడే. ఆ పొద్దున నేను తొందరగా లేచి జొన్న గంజి కాచాను. మా అత్త వాకిట్లోకి పోదామని లేచింది, గడప దాకా రాగానే కళ్ళు తిరిగి కూలబడింది. మా ఆయన ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టాడు. నేను గంజి చల్లార్చి తెచ్చి గిన్నె నోటి దగ్గర పెట్టాను. పెదవులు బిగబట్టింది. “నువ్వియ్యి” అని ఆయన చేతికి ఇచ్చాను. ఆయన చేతి నుంచి తాగింది. రాత్రి నేను తిన్న రొట్టె ఆమె లెక్కలో తిన్నట్టు కాదు, నేను ఇంకా పరగడుపునే ఉన్నానని కూడా ఆమెకు తెలుసు, అయినా నా కోసం ఆగకుండా తాగింది. ఆయనే పొట్లం విప్పి పొడి నీళ్ళలో కలిపి ఇచ్చాడు, అదీ తాగింది. నేను గిన్నె కడిగి బోర్లించి, కొడవలి తీసుకుని చేనికి పోయాను.