లేని బ్రేకు

ఏళ్ల తరబడి శిష్యుల పక్క సీట్లో కూర్చుని, తన కాళ్ల దగ్గరున్న రెండో బ్రేకు తొక్కడమే డ్రైవింగ్ మాస్టారి బతుకు. అలవాటు ఎంత ముదిరిందంటే, ఇంట్లో భార్య వేడి గిన్నెతో ఎదురొచ్చినా ఆయన కుడికాలు నేలను తొక్కేస్తుంది. “నేనేమన్నా లారీనా?” అంటుందావిడ. తన మీద తనే జోకులేసుకుని నవ్వడం ఆయనకు సరదా, ఒక్క డ్రైవింగ్ విషయంలో తప్ప.

ఆ సాయంత్రం నడిచి ఇంటికి వెళుతుంటే ముందు ఓ తెల్ల కారు కనిపించింది. ఎడమకు తిరగాల్సిన చోట కుడికి లాగి, ఉలిక్కిపడ్డట్టు ఆగి, మళ్లీ కదులుతోంది. ఎవడో పీకలదాకా తాగాడని తేల్చేసుకుని, ఫోనుకు చేతిరుమాలు చుట్టి పోలీసులకు చెప్పేశారు. “పేరెందుకులెండి, బాధ్యత గల పౌరుణ్ణి.” అంతటితో ఇంటికి పోతే ఆయన మాస్టారెందుకవుతారు? తర్వాతి మలుపులో పోలీసులు కారును ఆపితే, చూద్దామని జనంలో నిలబడ్డారు.

కారు దిగింది ఓ నడివయసు ఆవిడ. పోలీసు చాపిన తాగుడు పరీక్ష గొట్టంలో ఊదింది. పోలీసు గొట్టాన్నీ ఆవిడనూ మార్చి మార్చి చూశాడు.

“చుక్క కూడా తాగలేదు కదమ్మా! మరి ఎడమకు తిరగడానికి కుడికెందుకు లాగుతున్నారు?”

“మా మాస్టారు అలాగే నేర్పారండీ, వెనక చక్రం ఫుట్‌పాత్ ఎక్కకుండా ఉంటుందని.” ఆవిడ జనంలోకి చూసి మొహం చేటంత చేసుకుంది. “అదుగో, ఆయనే! నమస్కారం మాస్టారూ!”

పోలీసు ఇటు తిరిగాడు. ఫోను ఇంకా రుమాల్లోనే ఉంది. మాస్టారి కుడికాలు నేలను బలంగా తొక్కింది. పోలీసు మాత్రం ఆగకుండా వస్తూనే ఉన్నాడు.