నాన్న చూసిన గండికోట

గండికోట గురించి నేను ముప్పై ఏళ్లుగా చెబుతున్నాను. హైదరాబాదు నుంచి చుట్టాలు వచ్చినా, ఆఫీసులో కొత్తగా ఎవరైనా చేరినా, మాట ఎటు మొదలైనా చివరికి దాన్ని పెన్నా లోయ దగ్గరికి తెచ్చి ఆపేవాణ్ణి. ఎర్రటి బండలు, ధాన్యం దాచిన పెద్ద కొట్టు, పావురాల గోపురం, కత్తులు కడిగితే నీళ్లు ఎర్రబడ్డాయని చెప్పుకునే కోనేరు, అన్నీ కళ్లకు కట్టినట్టు వర్ణించేవాణ్ణి. ఇందులో ఒక్కటే చిక్కు. నేను గండికోట చూడలేదు.

చూడకపోవడం మా వైపు పెద్ద వింతేమీ కాదు. కర్నూలులో కొండారెడ్డి బురుజు పక్కనుంచి రోజూ బండి మీద పోయేవాళ్లలో ఎంతమంది దాని మెట్లెక్కారో అడిగి చూడండి. పక్కనే ఉంది కదా, ఎప్పుడైనా చూడొచ్చు అంటారు. మొక్కు ఉంటేనే మేం ఇల్లు కదులుతాం. శ్రీశైలం, మంత్రాలయం, మళ్లీ శ్రీశైలం. చూడకుండానే చూశానని చెప్పుకు తిరగడం మాత్రం నా సొంత ఘనత.

అది ఏడో తరగతిలో మొదలైంది. బడివాళ్లు పిల్లలను బస్సులో గండికోటకు తీసుకుపోయారు. నేను పోలేదు. మర్నాడు నా పక్కన కూర్చునే స్నేహితుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే చెప్పాడు. వాడు చెప్పడంలో గట్టివాడు, నేను వినడంలో అంతకంటే గట్టివాణ్ణి. ఆ వారమే తెలుగు అయ్యవారు విహారయాత్ర మీద వ్యాసం రాయమన్నారు. ఆయన యాత్రకు రాలేదు కాబట్టి ఎవరు పోయారో ఎవరు పోలేదో ఆయనకు తెలియదు. నేను రాసేశాను. అందరికంటే బాగుందని ఆయన తరగతిలో చదివి వినిపించారు. పోయొచ్చిన స్నేహితుడు నా వైపు ఒకసారి చూసి ఊరుకున్నాడు, మంచివాడు. ఆ రోజు నుంచి నేను గండికోట చూసినవాణ్ణి అయిపోయాను.

మొన్న దసరా సెలవులకు ముందు, మా అమ్మాయి అన్నం ముందు కూర్చుని ఒక మాట అంది. దానికి పదేళ్లు.

"నాయినా, ఈసారి మొక్కు లేని ఊరికి పోదాం."

"మొక్కు లేని ఊరు యాడుండాది?" అన్నాడు ఏడేళ్ల మావాడు, నిజంగానే సందేహం వచ్చి.

"గండికోట. నాయిన చూసినాడు కదా, అన్నీ నాయినే చూపిస్తాడు."

మా ఆవిడ పెరుగు వడ్డిస్తూ, "పోదాం. సారు ముందు నడుస్తారు, మనం వెనక పోదాం" అంది. ఆమెది కడప. చిన్నప్పుడు రెండుసార్లు గండికోట చూసింది, ఎప్పుడూ చెప్పుకోలేదు.

అక్కడినుంచి ఏర్పాట్లు మొదలయ్యాయి. దారి బనగానపల్లె మీదుగా అనుకున్నాం. బెలుం గుహలు కూడా చూసి, జమ్మలమడుగులో రాత్రి ఉండి, పొద్దున్నే కోటకు పోవాలి. మా ఆవిడ మొదటి పూటకు చిత్రాన్నం, తర్వాతికి జొన్నరొట్టెలూ పప్పులపొడీ అని తేల్చేసింది. లోయను ముందు ఎవరు చూడాలన్న దాని మీద మాత్రం పిల్లలిద్దరూ మూడు రోజులు కొట్టుకున్నారు. చివరికి చీటీలు వేస్తే మా అమ్మాయి పేరు వచ్చింది. మావాడు చీటీ మళ్లీ వేయమని ఏడ్చాడు. అది ఒప్పుకోలేదు. చీటీని మడిచి పెన్నుల డబ్బాలో దాచుకుంది.

ఆ తర్వాత అది పెద్ద కాగితం ఒకటి పరిచి పటం గీయడానికి కూర్చుంది. పైన ముత్యాల్లాంటి అక్షరాలతో 'నాన్న చూసిన గండికోట' అని రాసుకుంది. ఇక ప్రశ్నలు.

"లోపలికి పోతానే ధాన్యం కొట్టు ఏ పక్క ఉండాది?"

"ఎడమ పక్క," అన్నాను ధీమాగా.

"కుడి పక్క అనుకుంటా," అంది వంటింట్లోంచి మా ఆవిడ.

"మసీదు దగ్గరినుంచి లోయకు ఎన్ని అడుగులు? కేక వేస్తే ఎన్నిసార్లు తిరిగొస్తాది?"

"మూడుసార్లు." స్నేహితుడు చెప్పిన మాట అది. మా అమ్మాయి వెంటనే కాగితం మీద బండ గీసి, పక్కన మూడు అని రాసింది. దాని కళ్లల్లో నా మాట మీద ఉన్న నమ్మకం చూస్తుంటే నాకు భయం వేసింది. బయట నేనెన్ని కోతలు కోసినా నాకు సిగ్గనిపించేది కాదు. ఇది మాత్రం వేరు. నా బిడ్డ నేను చెప్పింది చెప్పినట్టు గీస్తోంది. అక్కడికి పోయాక ఒక్కటి తప్పినా, ఆ తర్వాత నేనేం చెప్పినా నమ్మదేమో అనిపించింది. ముందే చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను, రెండుసార్లూ బెలుం గుహల గురించి మాట్లాడాను. నిజం చెప్పాలంటే దాని ప్రశ్నలకు జవాబులు నాకూ కావాలి. కొట్టు ఏ పక్కన ఉందో తెలియక నాకు నిద్ర పట్టేది కాదు.

పండగకని ఊరినుంచి మా అమ్మ వచ్చింది. మా అమ్మాయి పటం తీసుకుపోయి ఆమె ఒళ్లో పెట్టింది.

"జేజీ, చూడు, నాయిన చిన్నప్పుడు చూసిన కోట."

మా అమ్మ కళ్లద్దాలు సర్దుకుని చూసింది. "మీ నాయన యాడ చూసినాడు తల్లీ? బడోళ్లు పోయినపొద్దు మా జతలో చేన్లో బుడ్డలచెట్లు పీకుతాన్నాడు."

మా అమ్మకు నా కోతల సంగతి తెలియక, తన ధోరణిలో చెప్పుకుంటూ పోయింది.

"వాన పడి మూడు దినాలాయె. నేల ఆరితే శనక్కాయలు భూమిలోనే నిలిచిపోతాయని ఇంట్లో అందరం చేన్లోనే ఉంటిమి. పోతానని వీడు ఒక్క మాట కూడా అడగలేదు. బస్సు మా చేను పక్కనే పాయె. పిల్లోళ్లు కేకలేస్తా పోతాంటే వీడు చెట్టు చేతిలో పట్టుకొని, అది కనపడకుండా పోయేదాకా అట్లనే నిలబడినాడు. నేను చూడనట్టు వంగి పని చేసుకుంటాంటి. శానా బాధ అయ్యింది. ఒక్క పొద్దు పంపిచ్చింటే ఏం పోయింటాది?"

ఆ రోజు నన్ను ఎవరూ చూడలేదనే ఇన్నాళ్లూ అనుకున్నాను. మా అమ్మాయి పటం చుట్టుకుని లోపలికి పోయింది. నాకు తల తీసేసినట్టయింది.

రెండు రోజులు అది నన్నేమీ అడగలేదు. అన్నం దగ్గర కూడా ప్రశ్నలు లేవు. మూడో రోజు పొద్దున అదే పటం తెచ్చి నా ముందు పరిచింది.

"ఇవన్నీ నీకు ఎవరు చెప్పినారు?"

"నా స్నేహితుడు."

"ఆయన నిజంగా చూసినాడా?"

"చూశాడు."

"నీకెట్ల తెలుసు?"

తప్పయిందని చెప్పాను. అది పెన్సిల్ తీసి, కొట్టు పక్కన, కోనేరు పక్కన, మూడు అన్న అంకె పక్కన ఒక్కో ప్రశ్నార్థకం పెట్టింది. "పోయి చూద్దాం," అంది. పైన రాసిన పేరు మాత్రం చెరపలేదు. ఎందుకు చెరపలేదో అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పోయాం. ధాన్యం కొట్టు మా ఆవిడ చెప్పిన పక్కనే ఉంది. ఆమె దాన్ని చూసి, తర్వాత నన్ను చూసి, హాయిగా నవ్వింది. కోనేరులో నీళ్లు ఎర్రగా లేవు, పచ్చగా ఉన్నాయి. మావాడు ఎవరి కత్తులు, ఎందుకు ఇక్కడే కడిగారు అని అడుగుతూనే ఉన్నాడు, నేను తెలియదు అంటూనే ఉన్నాను. అలా అనడం అంత తేలికని నాకు అప్పటిదాకా తెలియదు. మసీదు దాటాక పెద్ద పెద్ద ఎర్రబండలు అడ్డం వచ్చాయి. వాటి అవతలే లోయ అని అక్కడ తిరిగేవాళ్లెవరో చెప్పారు. బండ ఎక్కడానికి మా అమ్మాయి ముందు నిలబడింది. దాని వంతు కదా. కాలు పైన పెట్టింది, మళ్లీ దింపేసింది. జేబులోంచి మడత పెట్టిన చీటీ తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వు ముందు పో నాయినా. నువ్వు చూడలేదు కదా."

ఎక్కాను. కింద పెన్నా ఉంది.

"ఎట్లుండాది నాయినా? చెప్పు, ఎట్లుండాది?" అని వెనకనుంచి ఇద్దరూ ఒకటే అరుపులు. ముప్పై ఏళ్లుగా చెబుతున్నవాణ్ణి, ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. వంగి చెయ్యి అందించాను.

"రండి," అన్నాను, "మీరే చూడండి."