నా స్లిప్పు ఫైలు నిర్వాకం

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. ఇంజినీరింగు పూర్తిచేసి, గుంటూరులో ఒక టిఫిన్ సెంటర్ మేడ మీదున్న మూడు గదుల సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి అప్పటికి ఆరు నెలలు. సింగరాయకొండలో మా అమ్మ కనబడిన ప్రతివాళ్లకీ "మా అమ్మాయి సాఫ్ట్‌వేర్" అని చెప్పుకునేది (అందులో నేనేం చేస్తానో అమ్మకి తెలియదు, ఆ మాటకొస్తే నాకూ అంతంతమాత్రమే). కింద నుంచి అల్లం పచ్చడి వాసన, పైన మేం ముగ్గురం ఉద్యోగులం, మా ముగ్గురి నెత్తిన మా బాస్. ఆయన్ని చాటుగా నో ప్రాబ్లం గారు అనేవాళ్లం. ఎవరు ఏది అడిగినా ఆయన "నో ప్రాబ్లం" అని ఒప్పుకుని, ఆ ప్రాబ్లం తీసుకొచ్చి నా బల్ల మీద పెట్టేవారు. ఇప్పటి పిల్లలు నాలుగు రకాల పరీక్షలు పెడితే గాని ఒక్క లైను బయటికి పంపరు. మేం పొద్దున రాసింది మధ్యాహ్నం భోజనాల లోపు కస్టమర్ కంప్యూటర్లో పెట్టేసి వచ్చేవాళ్లం. దాన్ని చురుకుదనం అనుకునేవాళ్లం.

అలా ఆయన ఒప్పుకొచ్చిన పనుల్లో నల్లపాడు అవతలి మిర్చి కోల్డ్ స్టోరేజీ ఒకటి. రైతులు టిక్కీలు (మిర్చి బస్తాని మా వైపు అలాగే అంటారు) తెచ్చి దింపితే, ఏ రైతు సరుకు ఏ గదిలో ఎన్నో అంతస్తులో పెట్టారో జాబితా రాసుకుని, రైతు చేతికి ఒక స్లిప్పు ఇస్తారు. ఈ పనంతా ఏళ్ల తరబడి ఒక్క మనిషి చేస్తున్నారు. ఆయనే గుమస్తా బాబాయి. హమాలీల దగ్గర్నుంచి ఓనరు గారి దాకా అందరికీ ఆయన బాబాయే. పొట్టి చేతుల తెల్ల చొక్కా, దారం కట్టి మెడలో వేలాడేసిన కళ్లజోడు, జేబులో చిన్న డైరీ, ఐదు పూటలా నమాజు. టిక్కీ లోపలికి వెళ్లేముందు దాని మీద ఎర్ర రంగుతో రైతు నంబరు రాయించడం ఆయన పద్ధతి. నేను వెళ్లిన మొదటి రోజే ఆ రంగు డబ్బా చూసి నవ్వేశాను. "ఇంక ఇదెందుకు బాబాయ్? ఏ టిక్కీ ఎక్కడుందో కంప్యూటరే చెబుతుంది" అన్నాను. ఒక పని తప్పిందని ఓనరు గారు తెగ సంబరపడ్డారు. బాబాయి మాత్రం డబ్బా మూత గట్టిగా బిగించి, బీరువా కిందికి తోసి, "చెబితే మంచిదేగా అమ్మా" అన్నారు.

ఇక నా ప్రోగ్రాము గొప్పతనం వినండి. స్లిప్పు ప్రింటు తీయాలంటే అది ముందు ఒక తాత్కాలిక ఫైలు రాసుకుంటుంది. ప్రింటరుకి పంపుతుంది. పని అయిపోగానే ఆ ఫైలు చెరిపేస్తుంది. ఆ ఫైలుకి ప్రతిసారీ ఒకటే పేరు: స్లిప్పు. (ఇంకో పేరు ఆలోచించేంత తీరిక నాకు లేదు మరి, ఎంత పెద్ద మనిషిని!) మొదట్లో ప్రింటరు మొరాయించింది. ఏం నొక్కినా "అనుమతి లేదు" అనేది. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి, మూడో రోజు విసుగొచ్చి, ఆ ఫైలుండే ఫోల్డరులో ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చని తలుపులు బార్లా తీశాను. అదీ చాలక, ప్రోగ్రాముకి సర్వాధికారాలూ ఇచ్చేశాను. ఇక అది ఏ ఫైలు మీదైనా రాయగలదు, అడ్డం చెప్పేవాడు ఉండడు. ప్రింటరు కిర్రుమని స్లిప్పు కక్కింది. నో ప్రాబ్లం గారు కింద నుంచి నెయ్యి ఇడ్లీ తెప్పించి నాకు విందు చేశారు. టిక్కీల జాబితాని మాత్రం ఎవరూ చెరపకుండా భద్రంగా తాళం వేశాను. ఆ తాళం నా ప్రోగ్రాముని తప్ప లోకంలో అందరినీ ఆపుతుంది.

బాబాయికి నా ప్రోగ్రాము మీద ఒకటే ఫిర్యాదు. స్లిప్పు పేజీ ఒక వారం, జాబితా పేజీ ఇంకో వారం రాశాను కాబట్టి అవి రెండూ ఒకదాన్నొకటి ఎరగవు. "అమ్మాయ్, అదే పేరు, అదే ఊరు, అవే టిక్కీలు. స్లిప్పులో కొట్టి మళ్లీ జాబితాలో కొట్టాలంటే ఎట్టమ్మా? బయట ట్రాక్టర్లు ఆగి ఉంటాయి. ఒకసారి కొడితే రెండు చోట్లకీ పోదా?" అని అడిగేవారు. "నెక్స్ట్ వెర్షన్‌లో చేద్దాం బాబాయ్" అనేదాన్ని. వెళ్లిన ప్రతిసారీ ఆయన అదే అడిగేవారు, నేనూ అదే చెప్పేదాన్ని. ఒక రోజు ట్రాక్టర్లు లేక ఖాళీగా ఉంటే, నా తెలివి ఆయనకి కొంచెం రుచి చూపిద్దామని, జాబితా వెతుక్కోకుండా కళ్లెదుటే ఉండేలా ఒక లింకు పెట్టి చూపించాను. "ఇది ఉత్త పేరే బాబాయ్. దీన్ని తెరిస్తే ఎక్కడో ఉన్న అసలు ఫైలు తెరుచుకుంటుంది" అన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, లింకు ఎలా కట్టాలో డైరీలో అక్షరం అక్షరం రాసుకున్నారు. "అంటే దీంట్లో రాస్తే దాంట్లో పడిద్దా?" అని అడిగారు. "పడిద్ది" అన్నాను, ఫోన్ చూసుకుంటూ.

ఆ తర్వాత మంగళవారం పొద్దున్నే నో ప్రాబ్లం గారికి ఫోన్ వచ్చింది. ఇద్దరం ఆయన స్కూటర్ మీద పరుగున వెళ్లాం. జాబితా తెరిస్తే మూడు వారాల సరుకు వివరాలుండాల్సిన చోట ఒకే ఒక్క స్లిప్పు ఉంది. ఒక రైతు, పాతిక టిక్కీలు, అంతే. మిగతా రైతులందరూ గాల్లో కలిసిపోయారు. బ్యాకప్ ఉంది కదా అని ధైర్యంగా దాన్ని తెరిచాను. గంటకోసారి కొత్త జాబితాని పాత బ్యాకప్ మీద రాసేలా నేనే పెట్టాను కాబట్టి అక్కడా అదే రైతు, అవే పాతిక టిక్కీలు. గదుల నిండా సరుకు, రైతుల చేతుల్లోని స్లిప్పుల మీద పేరూ ఊరూ లెక్కే గాని ఏ గదో ఉండదు, ఎవరిది ఎక్కడుందో ఎవరికీ తెలియదు, టిక్కీల మీద నంబరు లేదు. ఓనరు గారు గుడ్లురిమి చూస్తే మా బాస్ ఏమాత్రం తొణక్కుండా "వైరస్ అండీ" అన్నారు. "ఎక్కడిదయ్యా వైరస్సు?" అంటే, "మిషన్ మీ మనిషి చేతిలోనే కదండీ ఉండేది" అని బాబాయి వైపు చూశారు. బాబాయి తల వంచుకుని, "పొద్దున ఏదో చెయ్యి పెట్టానయ్యా. తప్పు నాదే" అన్నారు. ఓనరు గారు "శనివారం లోపు ఎవరి సరుకు ఎక్కడుందో తేలాలి బాబాయ్. తేలకపోతే ఇంక నువ్వు ఇంటికాడే ఉండు" అన్నారు.

బయట కాటా దగ్గర బాబాయిని పట్టుకుని అడిగాను. "స్లిప్పు ఫైలు రాసే ఆ ఫోల్డరులో, అదే పేరు మీద జాబితాకి లింకు కట్టానమ్మా. స్లిప్పు కొడితే పోయి జాబితా కింద చేరిద్దనుకున్నా. రెండోసారి కొట్టే పని తప్పిద్దిగా" అన్నారు. అప్పటికి గాని నాకు వెలగలేదు. నా ప్రోగ్రాము స్లిప్పు అనే పేరు కనబడగానే తెరుస్తుంది, లోపలున్నదంతా తుడిచేస్తుంది, కొత్తగా రాస్తుంది. ఆ పేరు నిజంగా తన ఫైలేనా, ఇంకెక్కడికైనా దారి తీస్తోందా అని ఒక్కసారీ చూసుకోదు. అడ్డం చెప్పాల్సిన తాళాన్ని నేనే దానికి లొంగదీశాను. ప్రింటు కాగానే స్లిప్పుని చెరపడం దాని అలవాటు కాబట్టి చివర్లో ఆ లింకుని కూడా చెరిపేసింది. అంటే బాబాయి నోరు విప్పకపోతే ఏం జరిగిందో బ్రహ్మదేవుడికి కూడా తెలిసేది కాదు. ఆయన నోరు విప్పారు. ఎవరు నేర్పారో మాత్రం చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఉద్యోగం పోతే సింగరాయకొండలో మా అమ్మ ఏమని చెప్పుకుంటుందని భయం. ఇప్పుడు ఎన్ని హాస్యాలాడినా, ఆ పూట నోరు కట్టేసుకుని నిలబడినందుకు నాకు ఇప్పటికీ సిగ్గే.

సరుకుని కాపాడింది నా చదువు కాదు, పాత చీరలు. పొలంలో కాయ టిక్కీలకెత్తి మూతి కుట్టేటప్పుడు, నాలుగిళ్ల సరుకు ఒకే ట్రాక్టర్లో కలిసిపోకుండా, ఆడవాళ్లు తమ ఇంటి పాత గుడ్డ పీలిక ఒకటి దబ్బనంతో మూతికి కలిపి కుడతారు. ఆ సంగతి గుర్తుచేసింది బాబాయే. ఊళ్లకి కబురు పెట్టి ఆడవాళ్లనే పిలిపించారు. బుధవారం నుంచి మూడు రోజులు, బయట ఎండ మాడు పగులగొడుతుంటే, లోపల మేం దుప్పట్లు కప్పుకుని మిర్చి ఘాటుకి తుమ్ముకుంటూ టిక్కీ టిక్కీకీ లైటు వేసి తిరిగాం. "ఇదిగో, మా అత్త పట్టుచీరె అంచు! బతికుండగా నన్ను కట్టుకోనిచ్చింది కాదు, పోయాక మిరగాయలకి కట్టా" అని ఒకావిడ ముచ్చటగా చెప్పింది. ఇద్దరు తోడికోడళ్లు ఒకే పచ్చ పూల పీలిక పట్టుకుని "నాది" అంటే "నాది" అని కలబడ్డారు. మంగళగిరిలో ఒకే కొట్లో ఒకే రోజు కొన్న చీరలట. చివరికి చిన్నావిడ ఎడమచేతి వాటం కాబట్టి కుట్టు అటు నుంచి ఇటు వచ్చిందని, అది ఆవిడదేనని బాబాయే తేల్చారు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు నేను పెన్నుతో రాసుకున్నాను. నాలుగేళ్ల ఇంజినీరింగు ఆ మూడు రోజుల్లో సద్వినియోగమైంది. రంజాన్ నెల, బాబాయి ఉపవాసంలో ఉన్నారు. నేను గంటకోసారి బయటికొచ్చి టీ తాగాను. ఆయన సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు కూడా తాగకుండా ఆ చలిలో నిచ్చెనలెక్కారు.

శనివారం మధ్యాహ్నానికి అందరి సరుకూ తేలింది. ఓనరు గారు కాస్త చల్లబడి, కుర్చీలు వేయించి, అందరికీ సోడాలు తెప్పించారు. అంతటితో ఊరుకుంటే నేను కూడా ఊరుకునేదాన్నేమో. మా నో ప్రాబ్లం గారు సోడా గుక్క తాగి, "పెద్దాయనకి ఇవన్నీ కొత్త కదండీ. ఆయన్ని తప్పించి ఎవరైనా కంప్యూటర్ తెలిసినవాళ్లని పెట్టుకోండి, ఇంక నో ప్రాబ్లం" అన్నారు. ఓనరు గారు ఆలోచనగా తలాడించారు. నాకు ఒళ్లు మండిపోయింది. "ఆయనకి లింకు కట్టడం నేర్పింది నేనే సార్! అందులో రాస్తే ఇందులో పడుతుందని చెప్పిందీ నేనే. రంగు వద్దన్నదీ నేనే. వైరసూ లేదు గీరసూ లేదు, తప్పంతా నా ప్రోగ్రాముది!" అని గబగబా మొదట్నుంచీ చివరిదాకా అప్పజెప్పాను. ఓనరు గారు అంతా విని, హమాలీల వైపు చూసి, నా వైపు తిరిగారు.

"అంటే ఏందమ్మా? రోజూ సరుకు వేసే గది బోర్డు తీసి ఎవరో ఇంకో గది తలుపుకి తగిలిస్తే, నీ ప్రోగ్రాము లోపలేముందో చూడకుండా, ఉన్న సరుకంతా బయట పారబోసి కొత్తది దించింది. అంతేనా?"

"అంతేనండి."

"మా హమాలీ అయితే తలుపు తీసి చూస్తాడమ్మా. చదువుకోలేదుగా."

హమాలీలంతా పగలబడి నవ్వారు. బాబాయి ఒక్కరే నవ్వలేదు, కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఆయన ఉద్యోగం నిలిచింది. నాదీ ఊడలేదు గాని, మా బాస్ సోమవారం నుంచి నాకు శిక్షగా, కంపెనీలో ఎవరు రాసిన ప్రోగ్రామునైనా చదివి తప్పులు పట్టే పని అప్పగించారు. ఆ శిక్షతోనే ఇన్నేళ్లుగా బతుకుతున్నాను. ఇప్పుడు మంగళగిరిలో అద్దాల ఆఫీసులో కూర్చుని, జీతం తీసుకుని మరీ నలుగురి మీదా విసుక్కుంటున్నాను.

మొన్న కొత్తగా చేరిన కుర్రాడు రాసింది చదువుతుంటే, తాత్కాలిక ఫైలు, ఎప్పుడూ ఒకటే పేరు, అందరికీ తెరిచిన ఫోల్డరు. నా పాత ఫొటో ఎవరో చేతికిచ్చినట్టనిపించింది. పేరు ఎవరూ ఊహించలేనిదిగా ఉండాలని, ఆ పేరుతో అప్పటికే ఏదైనా ఉంటే ముట్టుకోకూడదని, అనవసరంగా సర్వాధికారాలు ఇవ్వకూడదని అరగంట పాఠం చెప్పాను. అంతా విని, "అయినా ఎవరు చేస్తారు మేడం అలాగ? మనమీద ఏ హ్యాకరుకి పని?" అన్నాడు. హ్యాకరంటే ఎక్కడో చీకటి గదిలో ముసుగేసుకుని కూర్చుంటాడని వాడి నమ్మకం. నాకు తెలిసిన ఒక్క హ్యాకరూ పొట్టి చేతుల చొక్కా వేసుకుని, జేబులో డైరీ పెట్టుకుని, పడుతుందా అని ముందు నన్నే అడిగి మరీ చేశారు.

ఆ సాయంత్రం బాబాయికి ఫోన్ చేశాను. ఆయన పని మానేసి చాలా కాలమైంది, ఇంట్లో మనవరాలికి లెక్కలు చెబుతున్నారు. "నీ ప్రోగ్రామే నడుస్తందమ్మా ఇంకా. శానా గట్టిది. ఆ రోజు తర్వాత ఎవరూ వేలు పెట్టలేకపోయారు" అన్నారు. నేను పొంగిపోయాను. ఆ శనివారం తర్వాత వారం రోజులు కూర్చుని దాని కన్నాలన్నీ పూడ్చాను మరి. మళ్లీ ఆయనే, "ఆ రెండుసార్లు కొట్టేది మాత్రం అట్టాగే ఉందంట. నేను దిగిపోయే రోజు దాకా కొట్టా. నెక్స్ట్ వెర్షన్‌లో వచ్చిద్దా అమ్మా?" అన్నారు, నవ్వుతూనే. ఫోన్ పెట్టేశాక నేనూ నవ్వుకున్నాను, కాస్త కళ్లు చెమర్చాయి కూడా. కన్నాలన్నీ పూడ్చిన ఆ వారంలో, ఆ ఒక్క పనికి నాకు అరపూట దొరకలేదు. ఫోన్ చూసుకుంటూ "పడిద్ది" అన్న ఆ పిల్ల ఎప్పుడైనా ఎదురుపడితే చెవి పట్టుకుని చెప్పాలనుంది: తాళాలు తర్వాత వేద్దువు గాని, ముందు ఆ పెద్దాయన అడిగింది చేసిపెట్టవే.