సుభద్ర చూడని పదును

పాత నోటుపుస్తకం తెరిస్తే పుటల మడతలోంచి వేరుశనగ గింజ మీది ఎర్రని పలుచని పొర ఒకటి రాలింది. పాతికేళ్ల నాటి ఆ పొరకు వాసనేమీ మిగలలేదు. అయినా ముక్కు దగ్గర పెట్టుకోగానే మా ఇంటి ముందరి పడసాల, అందులో నిలువెత్తు కాయల కుప్ప, నీళ్లు చిలకరించిన పొట్టు నుంచి లేచే మట్టివాసన ఒక్కసారిగా చుట్టుముట్టాయి.

వజ్రకరూరు దగ్గరి మా ఊళ్లో ఎండాకాలం చివర విత్తనానికని కాయలు ఒలిచేవారు. గింజ మీది పొర చిట్లితే మొలక రాదు కనుక ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని వేళ్లతోనే ఒలిచేవారు. పొద్దున బొరుగుల ఉగ్గాని తిని మొదలుపెడితే ఎండ వాలేదాకా చేతులకు తీరిక ఉండేది కాదు, చెవులకు ఉండేది. ఇంటికి పెద్దబిడ్డనైన నేను ఆ చెవుల కోసం పుస్తకం చదివేదాన్ని. ఏడో తరగతి సెలవుల్లో నాయన గుంతకల్లు పాతపుస్తకాల అంగడి నుంచి మూడు సంపుటాల నవల తెచ్చాడు.

నీళ్లింకిపోయిన లోకాన్ని విడిచి, చుక్కల మధ్య ఏళ్ల తరబడి సాగే ఓడ కథ అది. మనిషికి రోజుకు మూడు చెంబుల నీళ్లు. ఓడ నడిపే సుభద్ర దగ్గర ఒక సంచి విత్తనాలు. ఎంత ఆకలైనా ఎవరినీ ముట్టనివ్వదు. ఆ రచయిత మా సీమను చూశాడో లేదో గాని, చెంబు అడుగున మిగిలిన నీటిని మనిషి ఎట్లా చూస్తాడో ఆయనకు తెలుసు. కరువులో విత్తనపు మూటను తలకింద పెట్టుకుని పడుకున్న మా అవ్వ, సుభద్ర పేరు వినిపిస్తే ఒలవడం ఆపేది. నేనేమో ఓడలో గదులెన్ని, ఏ అధ్యాయంలో ఎన్ని తొట్ల నీరు మిగిలింది, ఎవరు చనిపోయారు, అన్నీ నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని.

మూడో సంపుటం చివర ఓడ కొత్త నేల మీద దిగుతుంది. దూరాన మబ్బు. సుభద్ర సంచి ముడి మీద చేయి వేస్తుంది. అక్కడికి రాసి రచయిత కన్నుమూశాడు.

"నేను పోయేలోగా ఆ ఇత్తనం మొల్చిందో లేదో చెప్పు పాపా," అనేది అవ్వ.

నేను ఇంటర్లో ఉండగా మరెవరో రాసిన నాలుగో సంపుటం వచ్చింది. ఒలుపు మొదలైన రోజునే చదవడానికి కూర్చున్నాను. రెండో అధ్యాయంలో తొలి జల్లు పడింది. ఆ సాయంత్రమే సుభద్ర విత్తింది. ఎనిమిదో అధ్యాయానికల్లా పంట కోసింది.

పడసాలలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఏమ్మే, సరిగ్గా చదువు," అంది ఏటా మా ఇంటికి ఒలుపుకు వచ్చే మేరమ్మ. "తొలి జల్లుకే ఏసిందా? మట్టిలో వేలు పెట్టి పదును చూడలేదా?"

"చూసినట్టు రాయలేదత్తా."

"అయితే ఆ యమ్మ కాదులే. వేరే సుభద్ర ఎవురో."

"ఆ యమ్మే అంటాండాడు గదా," అంది అవ్వ, గింజలు పక్కకు నెట్టి. "ఈయప్ప ఆ యమ్మను ఎప్పుడూ చూసిండడు. యాడనో ఇని చాడీలు రాసినాడు. మూసేయి."

ఒకరి సృష్టిని మరొకరు పాడుచేయడం గురించి ఇంతకంటే సూటైన విమర్శ నేను ఇంతవరకూ చదవలేదు. మిగిలినది ఒంటరిగా చదివి, పుటల సంఖ్యలతో సహా ఇరవై మూడు తప్పులు ఎత్తి రాశాను: మూడు తొట్లు ఏడైనాయి, రెండో సంపుటంలో చనిపోయిన వడ్రంగి ఇందులో పాట పాడతాడు. ప్రచురణకర్తకు ఉత్తరం వేశాను. జవాబు రాలేదు.

వారం తరవాత అవ్వే అంది, "నీ బుక్కు తీ. నేను చెప్తా, రాసుకో."

ఆమె చెప్పింది, మేరమ్మ దిద్దింది, నేను రాశాను. ఆ మరుసటి ఒలుపు నాటికి అవ్వ లేదు.

ఇప్పుడు ఒలిచేది యంత్రం. గంటలో పని ముగుస్తుంది, ఆ హోరులో ఎవరికీ ఏమీ వినిపించదు. మొన్న అనంతపురంలో ఆ నాలుగు సంపుటాలనూ ఒకే అట్టలో కుట్టి, ఒకే చేతి పని అన్నట్టు అమ్ముతుంటే చేతిలోకి తీసుకుని, తిరిగి కింద పెట్టి వచ్చాను. ఇంట్లో మూడు సంపుటాల పక్కన ఈ నోటుపుస్తకం ఉంది. అందులో అవ్వ మాటలు ఆమె చెప్పినట్టే ఉన్నాయి:

"వాన పడింది. సుభద్ర సంచి ఇప్పలేదు. మట్టిలో వేలు పెట్టి చూసింది. పైన తడి, కింద పొడి. ఇంగో వాన రావల్ల. కాచుకోని ఉండాది."

ఆ తరవాతి పుటల్లో నేను ఒక్క అక్షరం రాయలేదు.